అంగుళం తక్కువైన గొట్టం

“మేస్త్రి ఒప్పుకున్నాడు వదినా. ఇంక మీరు ఆ పాత ఇనుము కిందికి దూరి చీర పాడుచేసుకోవడం దేనికి?”

ఇన్‌స్పెక్టరు ఆ మాట అంటూ టైపు చేసిన కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు జరిపాడు. స్టేషను గోడ గడియారంలో పదీ నలభై అయింది.

సర్వేయరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఎనిమిది పంక్తులే ఉన్నాయి. ఇంజనీరు గారి పాత కారుకు బ్రేకు గొట్టాలన్నీ తానే మార్చానని, రాగి గొట్టాలు వేశానని, తెలిసే వేశానని మేస్త్రి చెప్పాడు. కింద వంకరటింకరగా సంతకం ఉంది. ఆ కాగితానికి ఇంకొకటి గుచ్చి ఉంది. అది రవాణా శాఖ నిపుణుడు రాసినది. బ్రేకులకు రాగి గొట్టం వాడకూడదు, ఒత్తిడికి అలిసిపోయి పగులుతుంది, ఈ కారులో పగిలింది రాగి గొట్టమే అని అందులో ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తాడు పేనినట్టే ఉంది. మెడకు తగిలించడమే తరువాయి.

నిన్న మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఇంజనీరు గారు వాలు రోడ్డు దిగుతూ మలుపు దగ్గర బ్రేకు తొక్కారు. కారు ఆగలేదు. చేతిబ్రేకు చివరిదాకా లాగి ఉంది. అదీ చాలలేదు. రాతిగోడకు గుద్దుకుని అక్కడికక్కడే పోయారు. బ్రేకు గొట్టాలన్నీ కొత్తవి వేయించుకుని అప్పటికి నాలుగు రోజులు. సాయంత్రం అయిదింటికి మేస్త్రిని పట్టుకొచ్చారు, షెడ్డుకు సీలు వేశారు. ఇవాళ నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. కాగితాల్లో రాసిన మాట నిర్లక్ష్యం కాదు, హత్య. గొట్టాల ఎంపిక దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చిందని, ఇంజనీరు గారు నలుగురిలో మేస్త్రిని చదువులేనివాడా అన్నారని, ఆ కోపం మనసులో పెట్టుకున్నాడని ఇన్‌స్పెక్టరు వాదన.

సర్వేయరమ్మ ఇరవై రెండేళ్లు బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న బండ్లు చూసిన మనిషి. ఇప్పుడు సొంతంగా విచారణలు చేస్తోంది. ఈ పొద్దున ఏడున్నరకు మేస్త్రి కూతురు ఆమె గుమ్మంలో నిలబడింది. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, షెడ్డులో తండ్రితో సమానంగా పని చేస్తుంది. ఏడవలేదు. నాలుగింటిలోగా ఏదైనా దొరికితే సరి, లేకపోతే మా నాన్న జైలునుంచి నడిచి బయటికి రాడు, ఆయన గుండె ఆగిపోతుంది అని మాత్రం చెప్పింది.

ఇన్‌స్పెక్టరు సర్వేయరమ్మకు స్వయానా మరిది. ఆమె ఆ ఇంట కోడలిగా అడుగు పెట్టేనాటికి అతను ఆరో తరగతి. అతనికి ఎక్కాలు అప్పజెప్పించింది ఆమె. పోలీసు పరీక్షకు రుసుము కట్టించింది ఆమె. అందుకే వాళ్లిద్దరి మధ్య మాటలు ఎంత పదునెక్కినా మర్యాద దాటవు.

“తెలిసే వేశాను అన్నది తనంతట తను అన్న మాటా, నువ్వు అడిగితే వచ్చిన జవాబా?” అని ఆమె అడిగింది.

“జవాబు జవాబే. ఏ పళ్లెంలో పెట్టి అడిగితే ఏం?”

ఆమె బీమా కంపెనీ ఇచ్చిన ఉత్తరం బయటికి తీసింది. కారును పరీక్షించడానికి పన్నెండు గంటల వరకు అనుమతి. అతను చదివి నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినా సరే, ఆ ఎలుకను తనకే అప్పగించాలన్నాడు. ఆమె లేస్తూ ఇంకొక ప్రశ్న వేసింది. ఎనిమిదిన్నరకు ఇంజనీరు గారి భార్యను చూసి వచ్చింది. ఆవిడ కూర్చున్న చోటు నుంచి కదలలేదు, ఎవరేమడిగినా ఒక్క మాటే చెప్పింది. భర్త చంకలో పచ్చ ఫైలు పెట్టుకుని బయల్దేరాడట, ఇది చూపిస్తే ఒక పెద్దమనిషికి నిద్ర పట్టదు అన్నాడట. ఆ ఫైలు ఏమైంది?

కారులో దొరికినవన్నీ జాబితాలో ఉన్నాయన్నాడు ఇన్‌స్పెక్టరు. కళ్లజోడు, గొడుగు, మంచినీళ్ల సీసా, ఇంటి తాళాలు. ఫైలు లేదు. అద్దాలన్నీ పగిలాయి కనక ఏ గాలికో పోయి ఉంటుంది అన్నాడు.

*

స్టేషను వెనక రేకుల పందిరి కింద కారు నిలబడి ఉంది. అరవై ఏళ్ల నాటి నల్ల కారు. ముందు భాగం నలిగిన డబ్బాలా ముడుచుకుపోయింది గాని, తలుపుల మీద నునుపు ఇంకా పోలేదు. కాపలాకు ఒక కానిస్టేబులమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. మేస్త్రి కూతురు అప్పటికే ఎడమ ముందుచక్రం దగ్గర నేల మీద గోనె పరుచుకుని పడుకుంది.

సర్వేయరమ్మ తనూ పక్కన చేరింది. ఈ పాత కార్లకు నాలుగు చక్రాలకూ బ్రేకు ఆయిలు వెళ్లే దారి ఒకటే. కొత్త కార్లకు రెండు దారులు ఉంటాయి, ఒకటి పోతే ఇంకొకటి పట్టుకుంటుంది. దీనికి అలా కాదు. ఏడు గొట్టాల్లో ఏ ఒక్కటి పగిలినా ఆయిలంతా బయటికి చిమ్మి నాలుగు చక్రాలూ చేతులెత్తేస్తాయి. పగిలింది ఎడమ ముందుచక్రానికి వెళ్లే గొట్టం. కింద చాసిస్ మీద ఆయిలు పడిన మేర పెయింటు ఉబ్బి పొరలు లేచింది.

“మీ నాన్న ఏ గొట్టం వేశాడు? నాకు ఉన్నదున్నట్టు చెప్పు.”

“రాగేనమ్మా.”

తండ్రి సంతకం చేసిన మాటనే కూతురూ చెబుతోంది. నిపుణుడి కాగితంలో ఏముందో సర్వేయరమ్మ ఆమెకు మెల్లగా చెప్పింది.

మేస్త్రి కూతురు అర్థం కానట్టు చూసింది. తర్వాత జేబులోంచి చిన్న చాకు తీసి, వెనకచక్రం వైపు వెళ్లే గొట్టాన్ని గోరంత మేర గీకింది. మట్టి పోయి కింద లోహం బయటపడింది. ఎరుపు ఉంది, కాని వెలిసిన ఎరుపు. వెండి పూత పూసి తుడిచేసినట్టు తెల్లటి జీర.

“ఇదమ్మా మా రాగి. ఉక్కు గొట్టం నల్లగా ఉంటుంది, ఇది ఎర్రగా ఉంటుంది, అందుకని రాగి అంటాం. ఇందులో నికెల్ కలిసి ఉంటుంది. కొనేటప్పుడు గొట్టం చుట్ట మీద ఏదో పొడుగు పేరు రాసి ఉంటుంది, అది పలికేసరికి టీ చల్లారిపోతుంది.”

“మరి అచ్చమైన రాగిని ఏమంటారు?”

“ఫ్రిజ్ పైపు. ఫ్రిజ్‌లకు వాడతారు కాబట్టి. దాన్ని బ్రేకుకు వేసేవాణ్ని మా నాన్న గుమ్మం తొక్కనివ్వడు.”

ఒక్క మాట. షెడ్డులో దానికి ఒక అర్థం, స్టేషనులో ఇంకొక అర్థం. మేస్త్రి నిజమే చెప్పాడు, టైపు మిషను దాన్ని ఉరితాడు చేసింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే అనుకుంది సర్వేయరమ్మ.

ఆ గొట్టాలు ఎలా ఎంచారో మేస్త్రి కూతురు చెప్పుకుంటూ పోయింది. ఇంజనీరు గారికి మెరిసేవి కావాలట, స్టెయిన్‌లెస్ స్టీలువి. అది మొండిది, వంచితే మొరాయిస్తుంది, కొన మడిస్తే చీలుతుంది, ఆ చీలిక కంటికి కనపడదు అని నాన్న వద్దన్నాడట. మామూలు ఉక్కు వేస్తే నాలుగు వానలకు లోపల్నించి తుప్పు. ఈ రాగి అయితే చెప్పినట్టు వంగుతుంది, తుప్పు పట్టదు, మనవడి కాలందాకా ఉంటుంది. అక్కడే మాటామాటా వచ్చింది. కాని మర్నాడు ఇంజనీరు గారే మళ్లీ వచ్చి, పుస్తకంలో చూశాను, నువ్వు చెప్పిందే రైటు అని మేస్త్రి భుజం తట్టి వెళ్లారు. ఆ ముక్క పోలీసు కాగితాల్లో లేదు.

తర్వాత ఆమె పగిలిన గొట్టం మీద చాకు పెట్టింది. ఒక్క గీతకే నిగనిగలాడే ఎరుపు బయటపడింది, కొత్తగా తోమిన చెంబులా. మిగతా ఆరింటినీ ఒక్కొక్కటే గీకి చూసింది. ఆరింటికీ తెల్లటి జీర ఉంది. ఏడోదానికి లేదు.

ఆమె కారు కిందనుంచి బయటికి వచ్చి, గోనె మీద కాదు, మట్టి నేల మీదే కూలబడింది. ఎవరో మా నాన్న వేసింది విప్పి ఇది పెట్టారు అంది.

సర్వేయరమ్మకు గంటల లెక్క కావాలి. పొద్దున ఇంజనీరు గారి ఇంట్లో మిగతావాళ్లు చెప్పినవి వరసగా పేర్చుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. శనివారం పదింటికి ఇంజనీరు గారు పద్నాలుగు కిలోమీటర్లు నడిపి చూసుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఆదివారం కారు ఇంటి ముందే ఉంది. సోమవారం పదినుంచి ఒంటిగంట వరకు గ్రంథాలయం పెరట్లో ఆగింది, ఆయన లోపల చదువుకుంటున్నారు. ఒక గొట్టం విప్పి ఇంకొకటి బిగించి, గాలి బుడగలు పోయేదాకా ఆయిలు వదలడానికి గంటన్నర చాలు. గ్రంథాలయం కాపలావాణ్ని అక్కడినుంచే ఫోనులో అడిగితే, బయటివాళ్లు ఎవరూ రాలేదమ్మా అన్నాడు.

ఆమె మళ్లీ వంగి, గొట్టాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే క్లిప్పు విప్పించింది. క్లిప్పు కింద దాగిన చోట గొట్టం మీద ఆకురాయి గీతలు ఉన్నాయి. సగం మందం అరగదీసి ఉంది. పగులు సరిగ్గా అక్కడే. రెండుమూడు రోజులు మామూలుగా తొక్కితే ఆగుతుంది. వాలు మీద గట్టిగా తొక్కిన రోజున చిరుగుతుంది.

కానిస్టేబులమ్మ స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. నిన్నటిదాకా ముసలాడి పొరపాటు అనుకున్నది, ఒకరు కూర్చుని తాపీగా ఆకురాయితో చేసిన పని అని అందరికీ ఒక్కసారే తెలిసింది.

*

పదకొండూ ముప్పై అయిదుకు మేస్త్రి కూతురు ఆ గొట్టం రెండు కొనలా ఉన్న నట్లు విప్పి ముక్కలు బయటికి తీసింది. కానిస్టేబులమ్మ చూస్తుండగానే తీసింది. కొన చూసి ఆగింది. సర్వేయరమ్మ ఏమిటని అడిగింది. ఆమె కొనను బొటనవేలితో తడిమి చూస్తోంది. రెండోసారి అడిగింది.

బ్రేకు గొట్టం కొనను గరాటులా విప్పి, ఆ అంచును మళ్లీ లోపలికి మడవాలి. రెండు మడతలు పడితేనే ఆయిలు ఆగుతుంది. దానికి ఒక పనిముట్టు ఉంటుంది, ఫ్లేరింగు టూలు అంటారు. గొట్టాన్ని రెండు దవడల మధ్య బిగించి, పైనుంచి మర తిప్పుతారు. మేస్త్రి టూలు ఆయన గురువుగారిచ్చినది. దాని దవడలో ఒక పన్ను విరిగి ఉంది. దానితో పట్టిన ప్రతి గొట్టం మీద, మడతకు కాస్త కింద, నువ్వుగింజంత బొడిపె మిగులుతుంది.

“ఇదిగోనమ్మా, ఆ గింజ,” అంది మేస్త్రి కూతురు. “ఇది మా టూలుతో చేసిందే.”

దాచి ఉండొచ్చు. తండ్రి ప్రాణం కోసం ఎవరైనా దాస్తారు. దాచలేదు. ఆ మాట ఆమె నోట్లో ఉండగానే ఇన్‌స్పెక్టరు పందిరి కిందికి వచ్చాడు. ఎంతసేపటినుంచి వెనక నిలబడ్డాడో తెలియదు.

అతను గొట్టం ముక్కలు అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇంకేం కావాలి వదినా అన్నాడు. సర్వేయరమ్మ రాగి అన్న మాట సంగతి వివరించింది, ఆరు గొట్టాలూ ఒక రకం ఏడోది ఇంకొక రకం అని చూపించింది, ఆకురాయి గీతలు చూపించింది. అతను అన్నిటికీ తలాడించాడు. సరే, రాగి మాట నేను వెనక్కి తీసుకుంటాను, మేస్త్రి మంచి గొట్టమే వేశాడు, తర్వాత పగబట్టి తన టూలుతోనే చెడ్డ గొట్టం చేసి మార్చాడు, కేసు ఇంకా బిగిసింది అన్నాడు.

“మాకు అరచేతిలో వైకుంఠం చూపించకండి. గింజ మాట్లాడుతోంది. అది కూడా ఆయన కూతురి నోటితోనే.”

మేస్త్రి కూతురు తల వంచుకుంది. సర్వేయరమ్మ గొట్టం ముక్కలు రెండూ అతని చేతిలోంచి తీసుకుని, పగులు కలిసేలా పట్టుకుని, కారులో అది ఉండాల్సిన చోట ఆనించి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు చూసింది. తర్వాత మేస్త్రి కూతుర్ని పిలిచి, మిగతా ఆరు గొట్టాలు చక్రం దగ్గరికి వచ్చేసరికి వంపు తిరిగి ఉన్నాయి, ఇది ఎందుకు బట్టలారేసే తీగలా బిగుసుకుని ఉంది అని అడిగింది.

ఆమె తలెత్తింది. నాన్న గొట్టానికి ఊపిరి వదలమంటాడు, చివర ఒక వంపు ఉంటేనే బండి అదురు అది తట్టుకుంటుంది అంది. చూపుడువేలితో కొలిచింది. మళ్లీ కొలిచింది. కళ్లలోకి వెలుగొచ్చింది.

“ఇది అంగుళం తక్కువుంది. అమ్మా, వీడెవడో నట్టు మరిచాడు.”

ఇన్‌స్పెక్టరు అర్థం కానట్టు చూశాడు. ఆమె విడమర్చి చెప్పింది. కొన మడవక ముందే నట్టును గొట్టానికి తొడగాలి. మడిచాక తొడగాలంటే పట్టదు. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా మొదట చేసే తప్పు అది. మడత అద్భుతంగా వస్తుంది, నట్టు బల్ల మీద ఉంటుంది. అప్పుడు మడిచిన కొన కోసేసి మళ్లీ మడవాలి. గొట్టం అంగుళం తగ్గిపోతుంది. షెడ్డులో దీనికి ఒక సామెత కూడా ఉంది. నట్టు మరిచి మడత పెట్టినవాడు పెళ్లికొడుకును మరిచి తరలివెళ్లిన పెళ్లివారితో సమానం.

కానిస్టేబులమ్మ నవ్వింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఎక్కం తప్పినప్పుడూ అలాగే ఎర్రబడేవి. పంతం ఓడిపోయిందని అనుకుంది సర్వేయరమ్మ.

“నలభై ఏళ్లనుంచి గొట్టాలు మడిచే మనిషి నట్టు మరుస్తాడా?” అంది ఆమె. “టూలు మేస్త్రిది. చెయ్యి మేస్త్రిది కాదు. కొత్తగా నేర్చుకున్న చెయ్యి. ఆ టూలు ఎవరి చేతికి వెళ్లిందో మేస్త్రికి తెలిసే ఉండాలి. నన్ను ఆయనతో పది నిమిషాలు మాట్లాడనివ్వు.”

కుదరదన్నాడు. కోర్టు అయ్యేదాకా ముద్దాయితో ఎవరూ మాట్లాడటానికి వీల్లేదన్నాడు. కాని గొంతు మెత్తబడింది. మీరు చెప్పినదాంట్లో ఏదో ఉంది వదినా, ముందు ఆ టూలు స్వాధీనం చేసుకోవాలి, ఎవరైనా మాయం చేస్తే కష్టం అన్నాడు. షెడ్డులో ఎక్కడుంటుందని మేస్త్రి కూతుర్ని అడిగాడు. కిటికీ పక్క మేకుకు ఉంటుందని ఆమె చెప్పింది. శుక్రవారంనుంచి చిన్నవాడికి జ్వరమని తను షెడ్డుకు వెళ్లలేదు, ఈలోగా సీలు పడింది, అయినా అక్కడే ఉంటుంది, నాన్న వస్తువు చోటు మార్చడు అంది.

గొట్టం ముక్కలు కాగితంలో చుట్టి అతను తన జేబులో పెట్టుకున్నాడు. సర్వేయరమ్మ రసీదు అడిగింది. రాసిచ్చాడు. టూలు గుర్తుపట్టడానికి మనిషి కావాలని మేస్త్రి కూతుర్ని జీపు ఎక్కించాడు. డ్రైవరును వద్దని తనే నడిపాడు. నాలుగింటిలోగా మీ నాన్నను ఇంటికి పంపించే పూచీ నాది అని ఆమెతో అనడం సర్వేయరమ్మ చెవిన పడింది. మేస్త్రి కూతురు ఈ పొద్దున మొదటిసారి కళ్లు తుడుచుకుంది.

జీపు గేటు దాటేసరికి పదకొండూ యాభై అయిదు.

*

మేస్త్రికి రోజూ పన్నెండింటికి రక్తపోటు మాత్ర వేసుకోవాలి. కూతురు పొద్దుననే ఆ చీటీని సర్వేయరమ్మకు ఇచ్చి ఉంచింది. మాత్ర ఇవ్వడం మాట్లాడటం కిందికి రాదు కదా అని ఆమె కానిస్టేబులమ్మను అడిగింది. కానిస్టేబులమ్మ తాళాల గుత్తి చేతిలో తిప్పుతూ కాసేపు ఆలోచించింది. ఆకురాయి గీతలు ఆవిడ కూడా చూసింది. ఇక్కడినుంచి నాకు చెవులు వినపడవు అని చెప్పి, లాకప్పు ఊచల ముందున్న బయటి తలుపు తీసి, వరండా చివరకు వెళ్లి నిలబడింది.

మేస్త్రి ఊచల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోళ్లలో ఇంకా నల్లటి గ్రీజు. మాత్ర వేసుకున్నాడు, నీళ్లు తాగాడు, దండం పెట్టాడు. ఆమె ఏమీ అడగకముందే, నేనే వేశానని రాసుకోండమ్మా, నాకేం బాధ లేదు, అమ్మాయిని మాత్రం ఇక్కడికి రానివ్వకండి అన్నాడు.

ఆమె వరసగా చెప్పింది. ఏడో గొట్టం ఫ్రిజ్ పైపు అని చెప్పింది. క్లిప్పు కింద ఆకురాయి గీతల సంగతి చెప్పింది. ఆయన రెండు చేతులూ నేలకు ఆనించాడు, కూర్చున్నచోటే పడిపోతానేమో అన్నట్టు. రాత్రంతా ఆయన తన చేతులనే తిట్టుకుంటూ కూర్చున్నాడట. ఎక్కడ నట్టు వదులయిందో, ఏ మడత చీలిందో, నా చేత్తో ఒక మనిషిని చంపానే అని. ఇప్పుడా భారం దిగింది. దిగిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. అది ఆయన ముఖంలో కనిపించింది.

నువ్వుగింజ బొడిపె ఉందని, గొట్టం అంగుళం తక్కువుందని చివర చెప్పింది.

“నట్టు మరిచాడు,” అన్నాడు మేస్త్రి. “రెండుసార్లు చెప్పాను. అయినా మరిచాడు.”

సర్వేయరమ్మ ఎవరికి చెప్పావని అడిగింది.

ఆయన వరండా వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు ఒకాయన మామూలు బట్టల్లో షెడ్డుకు వచ్చాడు. ఇంట్లో పాత జీపు ఉంది, సొంతంగా బాగుచేసుకోవాలని సరదా, ఆ టూలు రెండు రోజులు ఇవ్వమన్నాడు. వాడటం రాకపోతే దవడలు పాడవుతాయి కనక మేస్త్రి ఒక ముక్క మీద చేసి చూపించాడు. గంటసేపు నేర్పాడు. పోతూ పోతూ ఆయన, ఇంజనీరు గారి కారునుంచి తీసిన పాత గొట్టాల్లో ఒకటి నమూనాకని పట్టుకెళ్లాడు. ఎడమ ముందుచక్రానిది.

“టూలు తిరిగి ఇచ్చాడా?”

ఇవ్వలేదని తల అడ్డంగా ఊపాడు. నిన్న సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. గొట్టం ఎక్కడ కొన్నావు, ఎవరెవరు ముట్టుకున్నారు, ఏ రోజు ఏం చేశావు, అన్నీ అడిగారు. దేనితో మడిచావు, ఆ టూలు ఏది అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడగనప్పుడే నాకు ఒళ్లు జలదరించిందమ్మా అన్నాడు.

“మరి ఆ ముక్క అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?”

మేస్త్రి ఆమెను జాలిగా చూశాడు, ఇంత తెలిసిన మనిషికి ఇది తెలియదా అన్నట్టు.

“ఎవరికి చెప్పనమ్మా? చెప్పుకోవాల్సింది ఆయనకే కదా.”

సర్వేయరమ్మ ఊచలు పట్టుకుంది. చేతికి తగిలిన ఇనుము చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియలేదు. ముప్పై ఏళ్లనుంచి వదినా అని పిలుస్తున్న గొంతు. నడక, నవ్వు, కోపం, అన్నీ తనకు తెలుసనుకున్న మనిషి. పచ్చ ఫైలు ఎవరికి నిద్ర పట్టనివ్వదో, కారులోంచి దాన్ని ఎవరు తీసి ఉంటారో ఇప్పుడు అర్థమైంది; గ్రంథాలయం కాపలావాడి లెక్కలో పోలీసు బయటివాడు కాడు. అతనికి తనే స్వయంగా, విడమర్చి, ముక్కలు కలిపి, ఎక్కడ దొరికిపోయాడో చెప్పింది. ఆ ముక్కలు ఇప్పుడు అతని జేబులో ఉన్నాయి. తన దగ్గర మిగిలింది ఒక రసీదు.

తాను ఇక్కడికి వచ్చిన పని గుర్తు తెచ్చుకుంది. నాలుగు గంటలకు మేజిస్ట్రేటు. ఈ మాట అక్కడ చెప్పడానికి మేస్త్రి ఉన్నాడు, గింజ గుర్తుపట్టడానికి కూతురు ఉంది. ధైర్యంగా ఉండమని, గొట్టం ముక్కలు చేజారినా సాక్ష్యం పోదని, మీ అమ్మాయి ఆ గొట్టాన్ని కళ్లారా చూసిందని మేస్త్రితో చెప్పింది. గడియారం చూసింది. పన్నెండూ ఇరవై అయిదు.

మేస్త్రి మోకాళ్ల మీద లేచాడు.

“అమ్మాయి ఇక్కడికి వచ్చిందా? ఏదమ్మా?”

టూలు చూపించడానికి జీపులో షెడ్డుకు వెళ్లిందని చెప్పబోయి, సగం మాట దగ్గర సర్వేయరమ్మ నాలుక ఆగిపోయింది. ఆ సగం మాట మేస్త్రికి చాలింది. ఊచల మధ్యనుంచి చెయ్యి చాపి ఆమె చీర కొంగు పట్టుకున్నాడు.

“టూలు షెడ్డులో లేదని ఆయనకు తెలుసు కదమ్మా. మరి నా కూతుర్ని ఎక్కడికి తీసుకెళ్లాడు?”